కర్రీ పాయింట్ అమ్ముతున్నాం, ఎంత అడగాలి?

లెక్క-పత్రం: వ్యాపారం, పన్నులపై పాఠకుల ప్రశ్నలకు బెంగళూరులో ప్రాక్టీసు చేస్తున్న మన ఆడిటర్ గారి జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లా. పదకొండేళ్ళుగా మారతహళ్ళి దగ్గర కర్రీ పాయింట్ నడుపుతున్నాం. పొద్దున పప్పు, సాంబారు, కూరలు, సాయంత్రం చపాతీలు. చుట్టుపక్కల పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళలో) ఉండే ఐటీ పిల్లలే మా గిరాకీ. నెలకు ఆరు లక్షల దాకా అమ్మకం, అన్నీ పోను లక్షా ఇరవై వేలు మిగులుతుంది. ఏడుగురు పనివాళ్ళు ఉన్నారు. మా అత్తయ్యకు ఒంట్లో బాగుండటం లేదు, ఊరికి వెళ్ళిపోదామనుకుంటున్నాం. మాకు సరుకు వేసే ఆయన బంధువు ఒకాయన 22 లక్షలకు అడిగాడు, అడ్వాన్సుతో సహా అంతా కలిపి. అందులో 8 లక్షలు చేతికి, 6 లక్షలు బ్యాంకులో, మిగతా 8 లక్షలకు నెలకో లక్ష చొప్పున చెక్కులు ఇస్తాడట. మావారి స్నేహితుడేమో, ఏడాదికి డెబ్భై లక్షల టర్నోవరు ఉంటే నలభైకి తగ్గేదేమిటి అంటాడు. జీఎస్‌టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద ఒకే శాతం కట్టే పథకంలో) ఉన్నాం, అందులో 50 లక్షలే చూపిస్తున్నాం. ఆదాయ పన్ను రిటర్న్‌లో 4 లక్షలు. అద్దె 45 వేలు, పది నెలల అడ్వాన్సు ఓనర్ దగ్గరుంది, 11 నెలల అగ్రిమెంటులో ఇంకా నాలుగు నెలలు మిగిలింది. ఎంత అడగాలి? లాయరు నిజంగా అవసరమా? అగ్రిమెంటు తానే రాయించేస్తానని బ్రోకర్ అంటున్నాడు.
(పేరు వద్దన్నారు, మారతహళ్ళి)

జవాబు: అమ్మా, మీరు అసలు లెక్క, చూపించిన లెక్క రెండూ దాచకుండా రాశారు. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది మొదటి గంట మొదటి లెక్కే చెప్తారు. రెండోది బయటికి రావడానికి ఇంకో రెండు కాఫీలు పడతాయి.

ముందు స్నేహితుడి నలభై సంగతి తేల్చేద్దాం. టర్నోవరు చూసి ధర కట్టే పద్ధతి మీలాంటి వ్యాపారానికి పనికిరాదు. డెబ్భై లక్షల్లో కూరగాయలు, నూనె, గ్యాసు, జీతాలు, అద్దె పోయాక ఎంత మిగిలిందన్నదే కొనేవాడు చూస్తాడు. అదీ, మీరిద్దరూ లేకుండా ఎంత మిగులుతుందన్నది.

ఆ లెక్క వేద్దాం. నెలకు లక్షా ఇరవై వేలు అంటే ఏడాదికి 14.4 లక్షలు. తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్ళి కూరగాయలు తెచ్చేది మీవారు, మసాలాలు కలిపి రుచి చూసి గల్లాలో కూర్చునేది మీరు. మీ ఇద్దరికీ జీతం ఏది? రేపు ఆ కొనేవాడు ఒక మేనేజరునీ, వంట తెలిసిన ఇంకో మనిషినీ పెట్టుకోవాలి. ఇద్దరికీ కలిపి నెలకు తక్కువలో తక్కువ 50 వేలు వేసుకోండి, ఏడాదికి 6 లక్షలు. అది తీసేస్తే 8.4 లక్షలు. ఇక మీ అబ్బాయి కాలేజీ ఫీజు, ఊళ్ళో ఇంటి కరెంటు బిల్లు లాంటివి షాపు ఖాతా నుంచే కట్టి ఉంటే అవి తిరిగి కలపాలి, ఎందుకంటే అవి షాపు ఖర్చులు కావు. ఏడాదికి లక్షా ఇరవై వేలు అలా పోయిందనుకుంటే 9.6 లక్షలు. మీ షాపు అసలు సంపాదన అదీ.

నా చేతి మీదుగా పోయిన ఇలాంటి చిన్న తిండి వ్యాపారాలు ఈ సంపాదనకు ఒకటి నుంచి రెండు రెట్ల మధ్య తెగాయి. ఇదేమీ సూత్రం కాదు, ఎక్కడా రాసిపెట్టి లేదు. వంట మాస్టరు ఉండిపోతాడా, అగ్రిమెంటు ఎన్నేళ్ళుంది, పక్క వీధిలో ఇంకో కర్రీ పాయింట్ లేస్తోందా, వీటిని బట్టి అటూ ఇటూ జరుగుతుంది. మీ లెక్కకు అది 9.6 నుంచి 19.2 లక్షలు. గ్రైండర్, డీప్ ఫ్రీజర్, పొయ్యిలు, పాత్రలు అన్నీ ఆ ధరలోనే. అవి లేకుండా ఆ సంపాదన రాదు కాబట్టి వాటిని విడిగా మళ్ళీ కలపకూడదు. షాపులో ఉన్న బియ్యం, పప్పు, నూనె కూడా బేరంలో లెక్కలోకి తీసుకుని ఆ ఒకే ధరలో కలిపేయండి, ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు ఆయన చెప్పిన 22 చూడండి. అందులో 4.5 లక్షలు మీ అడ్వాన్సే. అది ఎలాగూ మీ డబ్బు. అంటే షాపుకు ఆయన ఇస్తానన్నది 17.5 లక్షలు. మీరు రాసిన అంకెలు నిజమైతే మంచి ధరే. కాకపోతే దాన్ని ఇచ్చే తీరు బాగాలేదు. దానికి కారణం మీ రిటర్నులు.

చూడండమ్మా, మీ రిటర్న్‌లో ఉన్నది 50 లక్షలకు 8 శాతం చొప్పున 4 లక్షలు. లెక్కల పుస్తకాలు లేకుండా పన్ను కట్టే పథకం అది. కనీసం అంతైనా (యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చినదానికైతే 6 శాతమైనా) చూపించమంటుంది చట్టం, సంపాదించింది ఎక్కువైతే ఎక్కువే చూపించమంటుంది. ఆ రెండో సగం ఎవరికీ గుర్తుండదు. ఇన్నేళ్ళూ పన్ను ఆదా అయిందనుకున్నారు. ఇప్పుడు కొనేవాడికి 9.6 లక్షలని చెప్తే, కాగితం చూపించమంటాడు. కాగితంలో నాలుగుంది. అందుకే బ్యాంకులో ఇచ్చేది ఆరు, చేతికి ఎనిమిది, మిగతాది చూద్దాంలే అన్నట్టు చెక్కులు. మీరు చూపించని సంపాదనకు ఆయన చూపించని డబ్బు ఇస్తున్నాడు.

అది తీసుకోకండి. ఒక వ్యవహారానికి 2 లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకుంటే, పుచ్చుకున్నంతా జరిమానాగా వెయ్యవచ్చు. ఆ జరిమానా పడేది ఇచ్చినవాడి మీద కాదు, తీసుకున్నవాళ్ళ మీద. ఎనిమిది లక్షలు తీసుకుని ఎనిమిది లక్షలు కట్టడమెందుకు?

జీఎస్‌టీ విషయం ఇంకా ముందు సర్దుకోవాలి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ళు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో ఎన్ని కొట్ల ముందు యూపీఐ లేదు, నగదు మాత్రమే అని అట్టముక్కలు వేలాడాయో మీరూ చూసే ఉంటారు. మీ గిరాకీ అంతా ఐటీ పిల్లలు, అంటే మీ అమ్మకాలన్నీ క్యూఆర్ కోడ్‌లోనే ఉన్నాయి. ఆ లెక్క శాఖకు తెలియదని అనుకోవద్దు. పైగా వ్యాపారం మొత్తం చేతులు మారితే, అప్పటిదాకా ఉన్న జీఎస్‌టీ బకాయికి అమ్మినవాళ్ళూ కొన్నవాళ్ళూ ఇద్దరూ బాధ్యులే అంటుంది చట్టం. కొనేవాడి తరఫున కాస్త తెలిసిన లాయరు ఉంటే మొదటి ప్రశ్న ఇదే వేస్తాడు. కాబట్టి మీ ఆడిటర్‌తో కూర్చుని తేడా ఎంతో తేల్చి, వడ్డీతో సహా మీ అంతట మీరే డీఆర్‌సీ-03 ఫారంలో కట్టేయండి. ఆదాయ పన్ను రిటర్న్ సవరించుకునే గడువు ఏ ఏడాదికి ఉందో అదీ చూపించుకోండి. డబ్బు పోతుంది, బాధగానే ఉంటుంది. కానీ అప్పుడు మీ చేతిలో ఒకే లెక్క ఉంటుంది, దాని మీద బేరం గట్టిగా ఆడొచ్చు. ఆ యూపీఐ స్టేట్‌మెంటే అప్పుడు మీకు సాక్ష్యం: మూడేళ్ళది తీసి నెలవారీగా కాగితం మీద పెట్టండి, కొనేవాడి అనుమానం సగం తీరుతుంది.

విలువ కట్టడానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలంటే, మీకు మంచి సీఏ చాలు. రిజిస్టర్డ్ వాల్యూయర్ అని, ఐబీబీఐ అనే కేంద్ర సంస్థ దగ్గర విలువ కట్టడానికి నమోదైనవాళ్ళు ఉంటారు. కంపెనీ షేర్లకూ పెద్ద యంత్రాలకూ వాళ్ళ అవసరం, సొంత పేరు మీద నడిచే కర్రీ పాయింట్‌కు తప్పనిసరి కాదు. సీఏ ఇచ్చే సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ అని అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే నంబరు ఉండాలి. దాన్ని కొనేవాడు ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. నంబరు లేని కాగితానికి విలువ లేదు. మీ రిటర్నులు వేసే మనిషి సీఏ కాకపోతే, ట్యాక్స్ కన్సల్టెంటో అకౌంటెంటో అయితే, ఈ ఒక్క పనికీ వేరే మనిషిని పెట్టుకోండి.

ఇక ఓనర్. మీ షాపులో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు ఆ చోటు, అది మీది కాదు. నాలుగు నెలలు మిగిలిన అగ్రిమెంటును ఎవరికీ అమ్మలేరు. కొనేవాడితో మాట ఖాయం చేసుకునే ముందే ఓనర్‌ను కలవండి. కొత్తవాళ్ళొస్తే అద్దె 60 వేలు అన్నాడనుకోండి. ఏడాదికి 1.8 లక్షలు సంపాదనలోంచి పోయింది. ఒకటిన్నర రెట్ల లెక్కన మీ ధరలో 2.7 లక్షలు తరిగింది, ఓనర్ నోటి నుంచి వచ్చిన ఒక్క మాటకు. అందుకే ఓనర్, కొనేవాడు నేరుగా కొత్త అగ్రిమెంటు రాసుకోవాలి, వీలైతే మూడేళ్ళకో ఐదేళ్ళకో, రిజిస్టరు చేయించి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదు. అడ్వాన్సు ఓనర్ మీకు వెనక్కి ఇస్తాడా, లేక కొనేవాడు మీకిచ్చి ఓనర్ దగ్గర తన పేరు రాయించుకుంటాడా అన్నది ఓనర్ సంతకంతో ఉండాలి. పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె కోసుకోవడం బెంగళూరు ఓనర్ల అలవాటు. అది ఎవరి ఖాతాలో పడుతుందో ముందే అనుకోండి, చివరి రోజు దాని మీద గొడవ పడకుండా.

లాయరు అవసరమా అని అడిగారు. అవసరమే. బ్రోకర్‌కు అమ్మకం జరిగితేనే కమిషన్, అందుకే అతని కాగితంలో అమ్మకానికి అడ్డం వచ్చే మాట ఒక్కటీ ఉండదు. లాయరుకు ముందే మాట్లాడుకున్న ఫీజు ఇస్తే, బేరం చెడినా ఆయనకు నష్టం లేదు, కాబట్టి వద్దమ్మా అని చెప్పగలడు. భూమి తగాదాలు, విడాకులు చూసే లాయరు కాదు, వ్యాపార ఒప్పందాలు రాసే అలవాటున్నవాళ్ళను వెతకండి. ముసాయిదా, రెండు సవరణలు, సంతకాల రోజు హాజరు, అన్నీ కలిపి ఎంత అని ఒకే మాటలో అడగండి. ఒప్పందం ఇంగ్లీషులోనే ఉంటుంది. పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం వాక్యం తెలుగులో చెప్పమనండి. బెంగళూరులో తెలుగు వచ్చిన లాయర్లకు కరువేం లేదు. కొనేవాడి లాయరే ఇద్దరికీ చూస్తాడులే అంటే మాత్రం ఒప్పుకోకండి.

ఆ ఒప్పందంలో మీకు సంబంధించి మూడు చోట్ల జాగ్రత్త.

ధర ఒకే మొత్తంగా ఉండాలి. టైపు షాపులో రాయిస్తే గ్రైండర్ ఇంత, ఫ్రీజర్ ఇంత, పేరుకు ఇంత అని పట్టిక వేస్తారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ వ్యాపారాన్ని నడుస్తున్నది నడుస్తున్నట్టు గంపగుత్తగా, దేనికీ విడి ధర కట్టకుండా అమ్మితేనే దాన్ని స్లంప్ సేల్ అంటారు. మూడేళ్ళు దాటి నడిపిన వ్యాపారం కాబట్టి లాభం మీద 12.5 శాతం పన్ను. 17.5 లక్షల్లోంచి మీ యంత్రాలూ సరుకూ పుస్తకాల ప్రకారం 3.5 లక్షలు తీసేస్తే 14 లక్షల లాభం, దానికి 1.75 లక్షలు, పైన సెస్సు. అయితే మీరు పుస్తకాలే రాయలేదు కదా, ఆ 3.5 లక్షలు ఎక్కడి నుంచి వస్తుంది? పాత బిల్లులు వెతికి ఆడిటర్ తయారు చెయ్యాలి. ఆ ఫ్రీజర్ కొన్న రసీదు ఏ డబ్బాలో ఉందో ఈ రోజే చూడండి. నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా అప్పగిస్తే దాని మీద జీఎస్‌టీ కూడా పడదు; విడివిడిగా అమ్మితే పడుతుంది. కొత్త ఆదాయ పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, పాత సెక్షన్ నంబర్లతో ఉన్న నమూనా కాగితం ఎవరైనా ఇస్తే పక్కన పెట్టండి.

రెండోది, పోటీ వ్యాపారం పెట్టబోమని రాసిచ్చే షరతు. మామూలుగా, ఫలానా వ్యాపారం చెయ్యనని ఎవరు రాసిచ్చినా మన కాంట్రాక్టు చట్టం ప్రకారం అది చెల్లదు. వ్యాపారం మంచిపేరుతో సహా అమ్మినప్పుడు మాత్రం మినహాయింపు ఉంది, అదీ ఫలానా ప్రాంతం అని హద్దు గీసి, సమంజసంగా ఉంటేనే. మారతహళ్ళి చుట్టూ మూడు కిలోమీటర్లు, మూడేళ్ళు అంటే ఒప్పుకోండి. బెంగళూరంతా పదేళ్ళు అంటే కోర్టులో ఏమవుతుందో తర్వాతి సంగతి, మీరు సంతకం పెట్టకండి. ఊరికి వెళ్ళాక మీరు ఖాళీగా కూర్చోరని నా అనుమానం. కందిపొడి, నువ్వుల పొడి, గోంగూర పచ్చడి కొరియర్లో పాత కస్టమర్లకు పంపే ఆలోచన ఏ మూలన ఉన్నా, ఆ పని నేను చేసుకోవచ్చు అని ఇప్పుడే ఒక వాక్యం రాయించండి. పోటీ పెట్టనందుకు విడిగా ఇంత సొమ్ము అని మాత్రం రాయించకండి. దాని పన్ను లెక్క వేరే దారిలో పోతుంది.

మూడోది చెక్కులు. ఎనిమిది నెలలు ఆగడం కంటే లక్ష తగ్గించుకుని అయినా మొత్తం ముందే తీసుకోండి. కుదరకపోతే సగానికి మించి అప్పగింత రోజే రావాలి, మిగిలినదానికి కాస్త ఆస్తి ఉన్న మనిషి హామీ ఉండాలి. చెక్కు తిరిగొస్తే బ్యాంకు చీటీ అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, అది అందాక ఆయనకు 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలోపు కేసు వెయ్యాలి. ఒక్క తేదీ దాటితే చెక్కు కేసు బలం పోతుంది. ఊళ్ళో అత్తయ్యను చూసుకుంటూ ఈ తేదీల టెన్షన్ మీకెందుకు? కేసుదాకా వెళ్ళాల్సి వస్తే, ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కుంది, 15100కు ఫోన్ చెయ్యొచ్చు. ఒప్పందం రాయించడానికి మాత్రం ఫీజు ఇచ్చి మంచి లాయరునే పెట్టుకోండి.

ఇక అప్పగింత రోజు. గల్లా మీది క్యూఆర్ స్టిక్కరూ, డబ్బు వచ్చిందని అరిచే ఆ చిన్న స్పీకరు డబ్బా ఆ రోజే మారాలి. ఒక వారం పాతవే ఉంచారనుకోండి, ఆయన అమ్మకం అంతా మీ ఖాతాలో పడుతుంది, అది మీ టర్నోవరు అవుతుంది. ఫుడ్ లైసెన్సు ఆయన సొంతంగా తీసుకోవాలి. రెండు నెలలు మీ లైసెన్సు మీద నడుపుకుంటానంటే మొహమాటపడొద్దు. ఎవరికైనా కడుపునొప్పి వస్తే కాగితంలో ఉన్న పేరు మీదే. మీ జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టండి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, ఇంటర్నెట్ మ్యాపులో షాపు పేజీ, డెలివరీ యాప్‌ల ఖాతాలు మార్చుకోవడానికి ఒక జాబితా వేసుకోండి.

మీరు ఉత్తరంలో రాయలేదు కానీ ఇంకొకటుంది: ఫోన్ నంబరు. పీజీ పిల్లలు ఏ నంబరుకు వాట్సాప్ చేసి ఈ రోజు కూరలేమిటక్కా అని అడుగుతారో, ఆ నంబరు షాపు బోర్డు కంటే విలువైంది. అది మీవారి ఆధార్ మీద, బ్యాంకు ఖాతాలకూ లింకయి ఉంటుంది. ఈ నెలలోనే బ్యాంకులకు వేరే నంబరు ఇచ్చి దాన్ని విడదీయండి. కొనేవాడి పేరుకు మార్చి ఇస్తామంటే ధరలో ఇంకో యాభై వేలు అడిగినా తప్పులేదు. వంట మాస్టరుతో కూడా మీరే ముందు మాట్లాడండి. పక్క కొట్టువాడి నోట వినే లోపు.

ప్రశ్న: బీటీఎం లేఅవుట్‌లో తన 60 మంచాల పీజీ అమ్మకానికి ఉందని మా నెల్లూరు ఆయనే చెప్పాడు. 18 లక్షలు అడుగుతున్నాడు. నెలకు 60 వేలు నికరంగా మిగులుతుందని లెక్క చూపించాడు. బిల్డింగు లీజు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఉద్యోగం మానేసి తీసుకుందామనుకుంటున్నాను. విలువ ఎలా కట్టాలి సర్?
(ఒక యువకుడు, బొమ్మనహళ్ళి)

జవాబు: సర్ కాదు నాయనా, మేడమ్. విలువ కట్టడానికి నా అవసరం లేదు. 60 వేలు చొప్పున 18 నెలలకు 10.8 లక్షలు. ఆ తర్వాత బిల్డింగు ఓనర్ లీజు పొడిగించకపోతే నీ చేతిలో మిగిలేది మంచాలు, పరుపులు, ఒక వాషింగ్ మెషీను. 18 లక్షలు పెట్టి 10.8 కొనుక్కుంటావా? ఓనర్ కనీసం ఐదేళ్ళకు నీ పేరున రిజిస్టర్ లీజు రాసిస్తేనే మాటలు మొదలుపెట్టు.

అలా రాసిచ్చినా ఇంకో లెక్కుంది. అక్కడ ఉంటున్న పిల్లలందరూ కట్టిన అడ్వాన్సు ఆయన దగ్గరుంది. వాళ్ళు ఖాళీ చేసేటప్పుడు అడిగేది నిన్ను. ఒక్కొక్కరిది 5 వేలనుకున్నా 60 మందికి 3 లక్షలు. అది ధరలోంచి తగ్గించుకోవాలి. ఎవరెంత కట్టారో గదుల వారీగా జాబితా తీసుకో, నలుగురైదుగురు పిల్లలను నువ్వే విడిగా అడిగి సరిచూడు. వేసవిలో, కొత్త బ్యాచులు చేరే రోజుల్లో లెక్క చూపిస్తే నమ్మకు, డిసెంబరులో ఎన్ని మంచాలు ఖాళీ ఉన్నాయో అడుగు. నెలకు మనిషికి 20 వేల లోపు తీసుకుని, కనీసం 90 రోజులు వరసగా ఉండేవాళ్ళకైతే 2024 జూలై నుంచి జీఎస్‌టీ మినహాయింపు ఉంది. నెలా నెలన్నర ఉండి పోయేవాళ్ళకు లేదు. ఆయన వాళ్ళ మీద పన్ను కట్టాడో లేదో చూడు. ఉద్యోగం అప్పుడే మానకు.

ప్రశ్న: పీణ్యాలో మా బావా నేనూ కలిసి జాబ్‌వర్క్ షాపు పెట్టాం. ఒక సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే కోత యంత్రం), రెండు లేత్‌లు. రిజిస్టరైన పార్ట్‌నర్‌షిప్, చెరి సగం. నేను బయటికి రావాలనుకుంటున్నాను. బ్యాలన్స్ షీటులో నా వాటాకు ఉన్నది ఇస్తే సరిపోతుంది కదా అంటున్నాడు బావ. అక్క మధ్యలో నలిగిపోతోంది. న్యాయంగా ఎంత రావాలి? బ్యాంకు లోనుకు నా సంతకం కూడా ఉంది.
(ఒక పాఠకుడు, దాసరహళ్ళి)

జవాబు: మీ బావ చెప్పింది అబద్ధం కాదు కానీ న్యాయం కాదు. సీఎన్‌సీ 18 లక్షలకు కొన్నారనుకోండి. ఏడాదికి 15 శాతం చొప్పున తరుగుదల రాసుకుంటూ పోతే తొమ్మిదేళ్ళకు పుస్తకాల్లో 4 లక్షల పైచిలుకే కనిపిస్తుంది. అది పన్ను కోసం రాసుకున్న అంకె. బాగా చూసుకున్న యంత్రానికి బయట వచ్చే రేటు అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. పై జవాబులో కర్రీ పాయింట్‌కు వద్దన్న రిజిస్టర్డ్ వాల్యూయర్ ఇక్కడ కావాలి, ప్లాంట్ అండ్ మెషినరీ విభాగంలో నమోదైనవాళ్ళు. ఇద్దరూ కలిసి ఒకరినే పెట్టుకోండి, ఫీజు చెరి సగం. ఇద్దరు వాల్యూయర్లను తెస్తే రెండు అంకెలు వస్తాయి, గొడవ అలాగే ఉంటుంది. యంత్రాలు కాక, ఆర్డర్లిచ్చే కంపెనీలతో ఉన్న సంబంధాలకు కూడా ఒక విలువ ఉంది. మీ ఒప్పంద పత్రంలో భాగస్వామి వెళ్ళిపోతే లెక్క ఎలా కట్టాలో రాసి ఉంటే అదే చెల్లుతుంది. అది తీసి చదివారా?

అన్నదమ్ముల పంపకాల్లో ఒకరు వాటాలు వేస్తే ఇంకొకరు ఏరుకున్నట్టు, మీరు సగం వాటాకు ఒక ధర చెప్పి, ఆ ధరకు కొంటావా, అమ్ముతావా అని బావను అడగడం ఒక దారి. అంకె న్యాయంగా చెప్పక తప్పదు. కానీ ఇద్దరి దగ్గరా కొనే డబ్బున్నప్పుడే అది న్యాయం. మీ దగ్గర లేదని బావకు తెలిస్తే అమ్మేది మీరేనని ఆయనకు ముందే తెలుసు. అప్పుడు వాల్యూయర్ దారే మేలు. అక్కను మాత్రం ఏ సంతకానికీ సాక్షిగా పెట్టకండి.

డబ్బు కంటే ముందు లోను. మీరు తప్పుకున్నట్టు బావ రాసిచ్చినా బ్యాంకుకు అది పట్టదు, మీ సంతకం ఉన్నంతకాలం మీరూ బాకీదారే. మిమ్మల్ని విడుదల చేస్తున్నామని బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చిన రోజే మీ రిటైర్మెంట్ పత్రం మీద సంతకం చెయ్యండి. రిజిస్టరైన సంస్థ కాబట్టి రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలపాలి, గెజిట్‌లోనూ జిల్లాలో చదివే ఒక స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన వేయించాలి. ఆ ప్రకటన పడేదాకా, మీరు ఇంకా భాగస్వామి అనుకుని సరుకు అప్పిచ్చినవాడు మిమ్మల్ని కూడా అడగవచ్చు. ఇక్కడ కన్నడ పత్రికలో వేయించండి, ఉక్కు సరఫరా చేసేవాళ్ళు చదివేది అదే.